దవడ చికిత్స కార్మికుని హక్కు, విలాసం కాదు!



ఉధ్నా రైల్వే జంక్షన్ మాత్రమే కాదు, మరమగ్గాల పేట కూడా. తెలంగాణ జిల్లాల నుండి వలసపోయిన నేతపనివారు మన రైళ్ళలోనే సూరత్ చేరారు. వారు ఇంటికి పంపిన మనియార్డర్లను మన తపాలా సోదరులే అందించారు. వారి బాధ మనకు పరాయిది కాదు.

మగ్గం నుండి నాడె ఎగిరివచ్చి ముఖానికి తగిలినా, యార్డులో పాయింట్స్‌మన్ జారిపడి గడ్డం నేలకు కొట్టుకున్నా, పోస్ట్‌మన్ సైకిలు మీది నుండి పడినా, చెవి ముందరి దవడ కీలు విరిగే ప్రమాదం ఉన్నది. దీనికి పాత చికిత్సలు రెండు. పై దవడను, క్రింది దవడను తీగలతో బిగించి కొన్ని వారాలు నోరు కట్టివేయటం ఒకటి. చెవి ముందరనో, దవడ వెనుకనో చర్మం కోసి ఎముకను సరిచేయటం రెండవది. మొదటిదానిలో ఆహారానికీ మాటకూ కరువు. రెండవదానిలో మచ్చ, ముఖనాడికి దెబ్బ తగులుతుందన్న భయం.

మూడవ మార్గమున్నది. నోటి లోపల చిన్న గాటు పెట్టి, సన్నని ఎండోస్కోపును పంపి, తెరపై చూస్తూ విరిగిన ఎముకను టైటానియం ప్లేటుతో బిగిస్తారు. జపాన్ వైద్యుడు మసతోషి ఒనిషి దవడ కీలులోనికి ఎండోస్కోపును పంపి చూచిన అనుభవాన్ని 1975లోనే ప్రకటించాడు. 1990ల చివరినాటికి విరిగిన కీలును అతికే పద్ధతీ వచ్చింది.

"కూలివానికి ఇంత సొగసు దేనికి?" అనేవారికి మా జవాబు ఇది: నోరు కట్టిన వారాలలో మగ్గం కార్మికునికి కూలి ఎవరిస్తారు? నోరు పెగలని ఉద్యోగి కౌంటరులో ఎట్లా కూర్చుంటాడు?

ఈ పద్ధతి సర్వరోగ నివారిణి అని మేము అనటం లేదు. నుజ్జయిన ఎముకకు, గుట్కా తెచ్చిన క్యాన్సర్‌తో తొలగించిన దవడను కాలి ఎముకతో తిరిగి కట్టటానికి పెద్ద శస్త్రచికిత్స నేటికీ అవసరమే. ఎండోస్కోపు పనికి వ్యవధి ఎక్కువ, ప్రత్యేక తర్ఫీదు కావాలి. అయితే తర్ఫీదు ఇప్పించవలసినది ఎవరు? రోగియా, ప్రభుత్వమా?

కనుక మా కోర్కెలు:

రైల్వే కేంద్ర ఆసుపత్రులలో ఈ పరికరాలు, శిక్షణ పొందిన సర్జన్లు ఉండాలి.

1944 నాటి వైద్య నియమాల క్రింద బిల్లు పెట్టుకునే తపాలా ఉద్యోగికి ఈ ఖర్చు కోత లేకుండా చెల్లించాలి.

పదిమంది పనివారు లేరన్న సాకుతో షెడ్డు యజమానులు ఇ.ఎస్.ఐ. తప్పించుకొనరాదు.

సంపద సృష్టించే శ్రామికునికి శాస్త్రఫలాలలో తొలి వాటా దక్కాలి!