పెద్దమ్మ అడిగిన ప్రశ్న

2025 సెప్టెంబర్ 20, శనివారం. ఖమ్మంలో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నా. మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ. అన్నయ్య డాలస్ నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. వదినకి సెలవు దొరకలేదు, ఒక్కడే వచ్చాడు. పొద్దున్నే వాళ్ల కంపెనీ నుంచి మెయిల్: హెచ్-1బి మీద ఉన్నవాళ్లు వెంటనే అమెరికా వచ్చేయండి. కొత్త ప్రకటనపై ట్రంప్ సంతకం పెట్టాడు, లక్ష డాలర్ల ఫీజు. గడువు మన టైములో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. లెక్క వేస్తే ఏ విమానం ఎక్కినా అప్పటికి దిగడం కష్టమే. అయినా బట్టలు సర్దుకుని శంషాబాద్ బయల్దేరాడు. ఆ ఫీజు కొత్త దరఖాస్తులకే అని వివరణ వచ్చేసరికి మనకి అర్ధరాత్రి దాటింది. అప్పటికి అన్నయ్య ఎయిర్‌పోర్టులో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "ఒక్కడు సంతకం పెడితే ఇంతమంది ఉరకాల్నా? వాళ్లకి అసెంబ్లీ లేదా?"

ఉంది. రెండు సభలున్నాయి. అసలు గొడవంతా అక్కడే.

2013 జూన్‌లో ఇమ్మిగ్రేషన్ సంస్కరణ బిల్లు సెనేట్‌లో 68-32 ఓట్లతో నెగ్గింది. ప్రతినిధుల సభలో ఓటింగుకే రాలేదు. నేను రాజును కాను, చట్టం నా అంతట నేను మార్చలేను అని అంతకుముందు చెప్పిన ఒబామానే 2014 నవంబర్ 20న సొంతంగా చర్యలు ప్రకటించాడు. అమెరికా పౌరులైన పిల్లలున్న, కాగితాల్లేని తల్లిదండ్రులను దేశం నుంచి పంపించకుండా కొన్నాళ్లు ఆపడం అందులో పెద్దది. దాని పేరు డాపా. టెక్సాస్‌తో కలిపి 26 రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. అమల్లోకి రాకముందే ఆగిపోయింది. 2016లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో ఇక లేవలేదు.

ఇదంతా చదివినప్పుడు నేను ఒబామా పక్షమే. ఇప్పటికీ సగం అటే. కాంగ్రెస్ ఇచ్చే డబ్బుతో ఏడాదికి 4 లక్షల మందిని కూడా పంపలేరని, కాగితాల్లేనివాళ్లు దాదాపు కోటీ 13 లక్షల మంది ఉన్నారని అప్పట్లో న్యాయశాఖే రాసింది. అందరినీ పంపలేనప్పుడు ఎవర్ని ముందు, ఎవర్ని తర్వాత అని ఎవరో ఒకరు ఎంచుకోవాల్సిందే. పదహారేళ్లు నిండకముందే వచ్చిన పిల్లలకి 2012లో డాకా ఇచ్చింది కూడా ఆ లెక్కమీదే. సభ ఎప్పుడో ఓటేస్తుంది, అప్పటిదాకా ఆగండి అని ఆ పిల్లలకి చెప్పే ధైర్యం నాకు లేదు.

హాస్టల్లో ఈ మాట అంటే మా రూమ్మేట్ పట్టుకున్నాడు. "మీ వదిన ఉద్యోగం ఇచ్చినప్పుడు గొప్ప నిర్ణయం, మీ అన్నయ్యని పరుగెత్తించినప్పుడు నియంతృత్వమా?"

నిజమే. వదిన పనిచేసేది హెచ్-4 ఈఏడీ మీద. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో పని చేసుకునే అనుమతి అది. అది కూడా కాంగ్రెస్ ఓటేసి ఇచ్చింది కాదు, ఒబామా ప్రభుత్వం 2015లో తెచ్చిన నిబంధన. మన సీనియర్లు ఎంఎస్ అయ్యాక చేసే ఓపీటీ, దానిమీద 24 నెలల స్టెమ్ పొడిగింపు, ఇవీ నిబంధనలే. ఇవి వచ్చినప్పుడు 'సభలో ఓటింగు ఎక్కడ?' అని మన ఇళ్లల్లో ఎవరూ అడగలేదు, పెద్దమ్మతో సహా. మనకి అక్కడ ఓటు కూడా లేదనుకోండి.

రెండు రోజులు వాడికి జవాబు దొరకలేదు. తర్వాత ఒకటి గమనించాను. హెచ్-4 ఈఏడీ ఒక్క రాత్రిలో రాలేదు. 2014 మేలో ముసాయిదా పెట్టారు, జనం అభిప్రాయాలు తీసుకున్నారు, 2015 ఫిబ్రవరిలో ఖరారు చేశారు, మేలో అమలు. అందుకే తర్వాత ట్రంప్ మొదటి ప్రభుత్వం దాన్ని తీసేస్తామని ఏళ్ల తరబడి చెప్పినా తీయలేకపోయింది. మళ్లీ అదే పొడుగు దారిలో నడవాలి కదా. ఆ ముసాయిదా బయటికి రాకుండానే 2021లో కాగితం వెనక్కి తీసుకున్నారు. డాకా అలా కాదు, ఒక మెమో. 2017లో ఇంకో మెమోతో రద్దన్నారు. 2020లో సుప్రీంకోర్టు 5-4తో కాపాడింది కానీ, రద్దు చేసిన పద్ధతి సరిగ్గా లేదనే. రద్దు చేసే అధికారమే లేదని కాదు. మా బ్రాంచి భాషలో, హాట్‌ఫిక్స్ మీద ప్రాజెక్టు మొత్తం నడిపినట్టు.

కాబట్టి ఆ సంతకం మనకి మేలా, కీడా అన్నది నేను ఇప్పుడు రెండో ప్రశ్నగా పెట్టుకుంటున్నా. పెన్ను తీసినవాడు ఎవరి మాటైనా వినేదాకా ఆగాల్సి వచ్చిందా అన్నది మొదటిది. లక్ష డాలర్ల ప్రకటనకి ఎవరూ ఆగలేదు. విదేశీయుల రాకను ఆపే అధికారం 1952 చట్టం ఇచ్చింది అన్నారు, శుక్రవారం సంతకం, ఆదివారం అమలు. మన దగ్గర ఆర్డినెన్సుకి కనీసం ఒక తాడు ఉంది: పార్లమెంటు మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లో ఆమోదం రాకపోతే అది పోతుంది. (ఆ తాడుని కూడా బీహార్‌లో ఏళ్ల తరబడి తెంపుకుంటూ పోతే 1986లో మన సుప్రీంకోర్టు తిట్టాల్సి వచ్చింది, అది వేరే కథ.)

దీంతో డాపా మీద నా అభిప్రాయం కూడా కొంచెం మారింది. ఉద్దేశం మంచిదే. కానీ లక్షల కుటుంబాలకి సంబంధించిన విషయం మెమోతో కాకుండా ముసాయిదా, అభిప్రాయాలు, ఖరారు అనే దారిలో తేవాల్సింది. ఒక ఏడాది ఆలస్యమయ్యేది. కోర్టులో గెలిచేదని చెప్పలేను, కానీ కింది కోర్టులు పట్టుకున్న మొదటి తప్పు ఈ దారి తప్పడమే.

వదిన కార్డు ఈ మేతో అయిపోతుంది. ఇదివరకు రెన్యూవల్‌కి పెడితే పాత కార్డే తనంతట తాను పొడిగింపు అయ్యేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే దరఖాస్తులకి అది తీసేశారు, ముందుగా ఎవర్నీ అడక్కుండానే. ఆరు నెలల ముందు కంటే పెట్టనివ్వరు కాబట్టి వదిన నవంబర్‌లో పెట్టింది. కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి ఆఫీసుకి వెళ్లకూడదు. పెద్దమ్మ ఇప్పుడు వీడియో కాల్‌లో తిన్నావా అని అడగడం మానేసి, కార్డొచ్చిందా అని అడుగుతోంది.