వచ్చినవాడు ముందు వినాలి

మన పల్లెలకు సలహాలు చెప్పేవాళ్ళకు కరువు లేదు. వాటర్‌షెడ్ అని ఒకరు, స్వచ్ఛంద సంస్థ అని ఇంకొకరు, మందుల కంపెనీ తరఫున మరొకరు వస్తారు. గంటసేపు మాట్లాడి, ఫొటో తీసుకుని, పొద్దు గూకకముందే బండెక్కి పోతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే పరాయి దేశం పోయి, ముక్కూ మొహం తెలియని పల్లెలో రెండేళ్ళు కాపురముండి పనిచేసే వాలంటీర్లూ ఉన్నారు. వాళ్ళ అనుభవంలో మన మెట్ట రైతు తెలుసుకోవలసింది ఉంది.

ఇలాంటివాళ్ళను పంపే సంస్థల్లో బ్రిటన్‌లోని వి.ఎస్.ఓ. 1958లో, అమెరికాలోని పీస్ కోర్ 1961లో మొదలయ్యాయి. పీస్ కోర్ వాలంటీర్లు 1976 వరకు మన దేశంలోనూ ఉండి కోళ్ళ పెంపకం వంటి పనులు చేశారు. పోయేవాళ్ళకు ముందు రెండు మూడు నెలలు అక్కడి భాష నేర్పుతారు. తర్వాత రెండేళ్ళు ఊళ్ళోనే ఉండాలి. ఇచ్చే భత్యం ఊరివాళ్ళలాగా బతకడానికి సరిపోయేంతే.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో సంగతే తీసుకోండి. 1984 దాకా దాని పేరు అప్పర్ వోల్టా. ఆ దేశానికి ఉత్తరాన యతెంగా ప్రాంతం ఉంది. వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా ఎనిమిది నెలలు ఎండ, దుమ్ముగాలి. పండేది జొన్న, సజ్జ. జొన్నపిండితో మన సంకటి లాంటిది వండి, బెండకాయ జిగురు పులుసుతో తింటారు. పంట పోతే మగవాళ్ళు ఐవరీ కోస్టు కోకో తోటలకు వలసపోతారు. పాలమూరు వలసలు చూసిన మనకు ఇదేం కొత్త కథ కాదు.

అలాంటి పల్లెలో దిగిన వాలంటీరుకు డిగ్రీ ఉంటుంది గానీ చేతికి పని రాదు. అక్కడి మోరే భాషలో పలకరింపులే పెద్ద తంతు. నిద్ర పట్టిందా, ఇంటిల్లిపాదీ బాగున్నారా అని అన్నీ అడిగాకే అసలు మాట. అతని మాటలకు పిల్లలు నవ్వుతారు. పొట్టి పిడి పారతో వంగి తవ్వితే పూటకే నడుం పట్టేస్తుంది. మధ్యలో మలేరియా. మొదటి ఏడు దండగ పోయిందని అతనికి అనిపిస్తుంది. నన్నడిగితే అసలు పని అదే. ఊరి ముందు చిన్నవాడుగా నిలబడడం నేర్చుకున్నవాడికే ఊరు తన సంగతి చెబుతుంది.

ఇది వట్టి నీతి మాట కాదు. యతెంగాలోనే రుజువు ఉంది. 1962 నుంచి 1965 వరకు అక్కడ పెద్ద యంత్రాలతో భూసంరక్షణ పథకం నడిచింది. సుమారు 1,20,000 హెక్టార్లలో, అంటే మన లెక్కన మూడు లక్షల ఎకరాల్లో మట్టి గట్లు వేశారు. రైతును ఒక్క మాట అడగలేదు. గట్టు ఎందుకో అతనికి తెలియదు, తెగితే పూడ్చేవాడు లేడు. కొన్నేళ్ళకే అవి పాడుబడ్డాయి.

1979లో ఆక్స్‌ఫామ్ అనే సంస్థ అదే ప్రాంతంలో చిన్న పని మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళు చెట్లు పెంచుదామని వాన నీరు ఆపే కట్టలు వేయించారు. రైతులు ఆ తడిలో జొన్న విత్తారు. మా పథకం చెట్లకే అని వీళ్ళు పట్టుబట్టి ఉంటే కథ అక్కడితో ముగిసేది. పట్టుబట్టలేదు. రైతుకు ముందు తిండిగింజలు కావాలని ఒప్పుకుని, ఆ ఊళ్ళలో ముందు నుంచీ ఉన్న రాతి వరసల పద్ధతినే పట్టుకున్నారు. ఆ రైతులకు లేనిదల్లా ఒక్కటే. వాలు తక్కువ నేలలో మట్టం కంటికి ఆనదు. అందుకని చవకైన నీళ్ళ గొట్టం ఇచ్చి, వాడకం నేర్పారు. మాథ్యూ ఉడ్రాగో అనే అక్కడి మనిషే ఆ పనికి పెద్దగా నిలిచాడు. రాతి వరసలు ఊరి నుంచి ఊరికి పాకాయి.

ఆ గొట్టం మనకూ తెలిసిందే. మన మేస్త్రీలు గోడ మట్టం చూసేది దానితోనే. లోపలి నీళ్ళు కనపడే పది పదిహేను మీటర్ల ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, రెండు కొసలను సమానంగా గీతలు పెట్టిన రెండు కర్రలకు కట్టండి. బుడగలు లేకుండా నీళ్ళు నింపండి. ఒకరు ఒకచోట నిలబడితే రెండోవారు వాలులో పైకీ కిందికీ జరగాలి. రెండు కర్రల మీదా నీళ్ళు ఒకే గీతకు వచ్చిన చోట గుర్తు పెట్టండి. అలా గుర్తులు కలుపుకుంటూ పోతే మట్టపు గీత వస్తుంది. దాని వెంట కొద్దిగా తవ్వి, పెద్దరాళ్ళు పేర్చి, సందుల్లో చిన్నరాళ్ళు కూరండి. జానెడు ఎత్తు చాలు. మట్టి గట్టు నీటిని బిగబట్టి తెగుతుంది. రాతి వరస నీటిని మెల్లగా వదిలి, ఒండ్రును పట్టుకుంటుంది. రాళ్ళు మోత బరువే. దగ్గర్లో రాయి లేనిచోట ఇది గిట్టదు.

యతెంగాకే చెందిన యకూబా సవడోగో అనే రైతు గట్టిపడ్డ నేలలో ఎండాకాలమే గుంతలు తవ్వి, పశువుల ఎరువు వేసి, వానకు జొన్న విత్తాడు. ఎరువుకు చెదలు వచ్చి నేలను గుల్ల చేశాయి. ఊరు అతన్ని పిచ్చివాడంది. 2018లో ప్రపంచం పిలిచి రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు ఇచ్చింది. 2023లో కన్నుమూశాడు. అతనికి ఆ విద్య ఏ వాలంటీరూ నేర్పలేదు. పాత పద్ధతినే బాగుచేసుకున్నాడు.

వాలంటీర్లందరూ మహానుభావులని నేననను. అనుభవం లేని కుర్రవాడు రెండేళ్ళలో ఏమీ చేయకుండా తిరిగిపోవడమూ ఉంది. మంచి పని చేసినా, వెనక చూసేవాడు లేక మూలపడ్డవీ ఉన్నాయి. అందుకే వచ్చినవాడి మంచితనం చూసి సరిపెట్టుకోవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. నువ్వు ఎన్ని పంటకాలాలు మాతో ఉంటావు? నువ్వు పోయాక ఇది చెడితే మా చేతులతో, మా ఊళ్ళో దొరికే వస్తువుతో బాగుచేసుకోగలమా? మొదలుపెట్టే ముందు మమ్మల్ని, మా ఆడవాళ్ళను ఏమడిగావు? జవాబు చెప్పలేనివాడికి సంతకం పెట్టకండి. ఉచితంగా వచ్చిందని చేనులో గట్టు వేయించుకుంటే, తెగినప్పుడు కొట్టుకుపోయేది మన మట్టే.

ఇంకోమాట. మనమూ నోరు విప్పాలి. అధికారి ముందు "చిత్తం" అని, వెనక "వాడికేం తెలుసు" అనుకుంటే ఎవరికి లాభం? ఏ చెలకలో నీరెటు పారుతుందో మీకన్నా తెలిసినవాడు లేడు. అది చెప్పకపోవడం మన తప్పు.

భద్రత లేక 2017లో పీస్ కోర్ బుర్కినా ఫాసో నుంచి తన వాలంటీర్లను వెనక్కు పిలిపించుకుంది. బయటివాళ్ళు ఎప్పటికైనా పోయేవాళ్ళే. మట్టం చూడడం నేర్చిన చెయ్యి మాత్రం ఊళ్ళోనే ఉంటుంది. ఈ తొలకరికి ముందే ఒక గొట్టం, రెండు కర్రలు తీసుకుని, పక్క చేను రైతును పిలుచుకుని ఒక్క గీత గీసి చూడండి.