తగ్గింపు కోడు - తగ్గకూడని మర్యాద

మానవుడు సంఘజీవి. తన మనసుకు నచ్చినదాన్ని ఒంటరిగా ఆస్వాదించి ఊరుకోలేడు. నలుగురితో పంచుకున్నప్పుడే అతని ఆనందానికి నిండుదనం. అభిమాన నటుని చిత్రం విడుదలైన నాడు సినిమాహాలు ముందు తోరణాలు కట్టిన యువకులు, తెల్లవార్లూ ముషాయిరాలో కూర్చొని ‘వాహ్వా’ అంటూ మురిసిపోయిన రసికులు, రేడియో చుట్టూ మూగి క్రికెట్టు వ్యాఖ్యానం విన్న మిత్రులు, వీరందరినీ ఒకచోట చేర్చినది ఈ పంచుకోవాలన్న తపనే. నేడు అభిమాన సంఘాలు చేతిలోని ఫోనులోకి వచ్చి చేరాయి. వాట్సాప్, టెలిగ్రాం, ఇన్‌స్టాగ్రాం బృందాలలో వేలాదిమంది ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఆత్మీయులవుతున్నారు. ఇది హర్షించదగిన విషయమే.

ఈ ఆత్మీయుల నడుమకు కొంతకాలంగా ఒక కొత్త అతిథి వచ్చి కూర్చున్నాడు. అతని పేరు తగ్గింపు కోడు. అతన్ని ఎట్లా ఆదరించాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎప్పుడు గుమ్మం చూపాలి అన్న ప్రశ్న చూడటానికి చిన్నదిగా కనిపించవచ్చు. కాని దీని వెనుక మన పరస్పర విశ్వాసానికి సంబంధించిన పెద్ద ప్రశ్న దాగి ఉన్నదని మేము భావిస్తున్నాము.

ముందుగా ఈ కోడు పనిచేసే తీరును గమనిద్దాము. ఒక వ్యాపార సంస్థ తన సరుకుకు ప్రచారం చేసే వ్యక్తికి అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక సంకేతపదాన్ని ఇస్తుంది. కొనేవారు డబ్బు చెల్లించే చోట ఆ పదాన్ని టైపు చేస్తే ధరలో కొంత తగ్గుతుంది. అంతటితో కథ ముగియదు. ఆ కోడు ఎవరి పేరున ఉన్నదో వారి లెక్కలో ఆ అమ్మకం నమోదవుతుంది. ఒప్పందాన్ని అనుసరించి వారికి కమీషను ముడుతుంది. సామాన్య సభ్యునికి కూడా ఇటువంటి అవకాశం ఉన్నది. ఎన్నో యాప్‌లు తమ వినియోగదారులందరికీ ఒక్కొక్క ‘రిఫరల్ కోడు’ ఇచ్చి, కొత్తవారిని చేర్పించినందుకు ప్రతిఫలం చెల్లిస్తాయి. అంటే కోడుకు రెండు ముఖాలున్నాయి. కొనేవాని వైపు తగ్గింపు, చెప్పినవాని వైపు రాబడి. మొదటి ముఖం అందరికీ కనిపిస్తుంది. రెండవది చెబితే తప్ప తెలియదు. మర్యాదకు సంబంధించిన చిక్కంతా ఈ రెండవ ముఖం దగ్గరే ఉన్నది.

కూపను అనేది కొత్త వస్తువు కాదు. 1880ల చివర అమెరికాలోని అట్లాంటా నగరంలో కోకా-కోలా వారు ఒక గ్లాసు పానీయం ఉచితంగా ఇచ్చే చీటీలు పంచిపెట్టారు. మన ఇండ్లలోనూ టీ పొట్లాల అట్టముక్కలు దాచి చెంచాలు, గ్లాసులు తెచ్చుకున్న తరం ఉన్నది. కాని ఆ చీటీ మీద కంపెనీ పేరు అచ్చువేసి ఉండేది. అది వ్యాపారమని చిన్నపిల్లవానికి కూడా తెలిసేది. 1996లో అమెజాన్ సంస్థ, ఇతరులు తమ పుటల ద్వారా కొనుగోలుదారులను పంపితే కమీషను ఇచ్చే పథకాన్ని ఆరంభించింది. అటువంటి పద్ధతులు విస్తరించిన కొలదీ, ప్రకటనకూ స్నేహితుని సలహాకూ మధ్య ఉన్న గోడ పలచబడింది. నేడు కంపెనీ మాట స్నేహితుని గొంతుతో వినిపిస్తున్నది.

ఇక్కడ ‘దలాలీ’ అన్న పదాన్ని తలచుకోవడం ఉచితం. అరబ్బీ నుండి పారసీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి వచ్చి, ‘దళారి’గా స్థిరపడిన మాట ఇది. పశువుల సంతలో దళారి తువ్వాలు కప్పి, దాని కింద వ్రేళ్ళు పట్టుకొని బేరం కుదిర్చే పద్ధతి ఉన్నది. ధర గుడ్డ మాటున దాగి ఉంటుంది. కాని అతడు దళారి అన్న సంగతి సంతలో ఎవరికీ దాగదు. అమ్మేవాడూ ఎరుగును, కొనేవాడూ ఎరుగును. అందుకే అతని మాటను ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్ముతారు. అభిమాన బృందంలో కోడు పంచేవాని విషయం దీనికి తలక్రిందులుగా ఉన్నది. ధర బాహాటంగా ఉంటుంది, దలాలీ తువ్వాలు కింద ఉంటుంది. దలాలీ నీచమైన వృత్తి అని మేము అనడం లేదు. స్నేహితుని వేషంలో చేసే దలాలీయే తప్పు అంటున్నాము.

“ఇందులో ఎవరికి నష్టం? కొన్నవానికి ధర తగ్గింది, చెప్పినవానికి నాలుగు రూపాయలు వచ్చాయి, అంగడివానికి సరుకు అమ్ముడయింది. ముగ్గురూ లాభపడ్డారు గదా!” అని కొందరు మిత్రులు వాదించవచ్చు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. ఉచితంగా పాఠాలు చెప్పేవారు, పాటలు వినిపించేవారు, ఆటను విశ్లేషించేవారు ఎందరో ఇటువంటి రాబడి మీదనే తమ కృషిని సాగిస్తున్నారు. మనకు ఎలాగూ అవసరమైన వస్తువును వారి కోడుతో కొనడం ఒక విధమైన కృతజ్ఞతే. కాని నాలుగవ భాగస్వామిని ఈ వాదం మరచిపోతున్నది. ఆ నాలుగవది బృందం. బృందంలో ఒకడు “ఇది మంచిది, కొనండి” అంటే మిగతావారు ఎందుకు వింటారు? నెలల తరబడి సభ్యులందరూ ఒకరికొకరు నిజం చెప్పుకొని పోగుచేసుకున్న నమ్మకం ఉన్నది గనుక. ఆ నమ్మకం ఏ ఒక్కరి సొత్తూ కాదు. అది అందరూ అందరి దగ్గర ఉంచిన అమానతు. అమానతును కాపాడేవాడు దాన్ని సొంతానికి వాడుకోవలసివస్తే చెప్పి వాడుకోవాలి. చెప్పకుండా వాడుకుంటే లోకం దానికి వేరే పేరు పెట్టింది.

కావున మా దృష్టిలో పాటించదగిన మర్యాదలు కొన్ని ఉన్నవి.

మొదటిది, కోడుతోపాటు “దీనివల్ల నాకు కమీషను వస్తుంది” అన్న ఒక్క వాక్యం జతచేయడం. ఆ వాక్యం కోడుకు పక్కనే, చదువరులకు అర్థమయ్యే భాషలో ఉండాలి. గుర్తుల గుంపులో కనిపించకుండా ఇరికించడం చెప్పడం కాదు, చెప్పినట్లు నటించడం. ఉచితంగా వచ్చిన వస్తువును పొగిడినప్పుడు కూడా ఇదే నియమం.

రెండవది, చోటూ వేళా ఎరగడం. జాతరలోనూ ఉరుసులోనూ దుకాణాలు ఉంటాయి. కాని వాటి చోటు వాటికి ఉంటుంది. పెళ్ళి పందిట్లో పీటల పక్కన కొట్టు తెరిచేవానిని ఎవరూ మెచ్చరు. అభిమాన కళాకారుడు కన్నుమూసిన నాడు, జట్టు ఓడి అందరూ బాధపడుతున్న వేళ, ఒక సభ్యుడు తన కష్టం చెప్పుకుంటున్నప్పుడు మధ్యలో కోడు పెట్టడం అటువంటిదే. కోడులకు వారంలో ఒక రోజో, వేరొక విభాగమో కేటాయించుకోవడం బృంద నిర్వాహకులకు కష్టం కాదు.

మూడవది, ఒకరి కోడును తొలగించి తన కోడును పెట్టకపోవడం. ఒక కళాకారుడు తన శ్రమకు ఆధారంగా ప్రకటించిన కోడు కిందనే, “నాది వాడండి, ఇంకా తగ్గుతుంది” అని అభిమాని వ్రాయడం, అభిమానించినవాని విస్తరిలోనుండి ముద్ద తీసుకోవడమే.

నాలుగవది, ఆంతరంగికంగా ఇచ్చినదాన్ని బజారుకు ఈడ్వకపోవడం. కొన్ని సంగీత కచేరీల టిక్కెట్లను సాధారణ విక్రయానికి ముందే అభిమాన సంఘ సభ్యులకు ప్రత్యేక కోడుతో అమ్ముతారు. దాన్ని బయట అమ్ముకునేవాడు తోటి అభిమాని కుర్చీని అమ్ముకుంటున్నాడు. అలాగే ఒక్కసారికే పనికివచ్చే కోడును ఎవరైనా దయతో పంచితే, వాడుకున్నవారు “అయిపోయినది, ధన్యవాదాలు” అని వ్రాయాలి. లేకపోతే మిగతావారు వృథాగా ప్రయత్నిస్తూ ఉంటారు.

ఐదవది, తాను ఎరగని వస్తువును సిఫారసు చేయకపోవడం. దీనికి ఒక ఉదాహరణ చెప్పదలచాము. ‘హనీ’ అనే బ్రౌజరు ఉపకరణం, కొనుగోలు వేళ తగ్గింపు కోడులను తానే వెతికిపెడతానని చెప్పేది. పేపాల్ సంస్థ దాన్ని దాదాపు 400 కోట్ల డాలర్లకు 2020లో సొంతం చేసుకున్నది. ఎందరో యూట్యూబు ప్రముఖులు డబ్బు తీసుకొని దాన్ని తమ అభిమానులకు సిఫారసు చేశారు. 2024 డిసెంబరులో వెలువడిన ఒక వీడియో, ఆ ఉపకరణం కొనుగోలు చివరి క్షణంలో ఇతరుల కమీషను గుర్తును తీసివేసి తన గుర్తును పెడుతున్నదనీ, సిఫారసు చేసినవారే దానివల్ల నష్టపోతున్నారనీ ఆరోపించింది. వ్యాజ్యాలు అమెరికా న్యాయస్థానాలకు వెళ్ళాయి. తాము పరిశ్రమ నియమాలనే అనుసరిస్తున్నామని సంస్థ సమాధానమిచ్చింది. న్యాయనిర్ణయం మన పని కాదు. మనం గ్రహించవలసిన నీతి ఒక్కటే. తాము అమ్ముతున్నది ఏమిటో తరచి చూడకుండానే అంతమంది అభిమానులకు అంటగట్టారు.

ఈ మర్యాదలలో మొదటిది ఇప్పుడు చట్టంలోకి కూడా ప్రవేశించింది. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడినది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై ఆ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. సామాజిక మాధ్యమాలలో సిఫారసులు చేసేవారు సంస్థలతో తమకు గల సంబంధాన్ని స్పష్టంగా వెల్లడించాలని 2023 జనవరిలో ప్రభుత్వం వివరణ ఇచ్చింది. డబ్బే కాదు, ఉచిత వస్తువులు, తగ్గింపులు, బహుమతులు, ప్రయాణాలు కూడా ఆ సంబంధం కిందకే వస్తాయి. తప్పుడు ప్రకటనకు సిఫారసు చేసినవారిపై 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం చట్టంలో ఉన్నది. అయినా చట్టం ప్రముఖులను వెతుకుతుంది. యాభైమంది ఉన్న తరగతి బృందంలోకి అది తొంగిచూడదు. అక్కడ చట్టం లేని చోటును మర్యాదే నింపాలి.

ఈ మర్యాద లేకపోతే కలిగే అనర్థం ఎంతవరకు పోగలదో మన రాష్ట్రాలు ఇప్పటికే చూశాయి. క్రికెట్టు అభిమాన బృందాలలో బూట్ల కోడు, చొక్కా కోడు పంచిన చేతులే ‘తొలి డిపాజిట్టుపై బోనసు’ అంటూ బెట్టింగు యాప్‌ల కోడులు కూడా పంచాయి. రూపం ఒకటే, పదాలు ఒకటే, పంచే స్నేహితుడూ అతడే. కాని బూట్ల కోడులో పోయేది కొంత సొమ్ము. బెట్టింగు కోడులో పోయేది పరీక్ష రుసుము, తండ్రి అప్పు తెచ్చిన డబ్బు, కొన్ని ఇండ్లలో ప్రాణం కూడా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి నిషేధించాయి. అయినా ప్రచారం ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాదు ప్రాంత పోలీసులు, బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై కొందరు సినీ నటులపైనా సామాజిక మాధ్యమ ప్రచారకులపైనా కేసులు నమోదు చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలకు ప్రకటనలు చేసినవారికి రెండేండ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఇటువంటి కోడును మర్యాదగా పంచే మార్గం లేదు. దాన్ని పంచకపోవడమే మర్యాద. “ఈ కోడువల్ల నీకేమి వస్తుంది?” అని అడిగే అలవాటు ఒక్కటి బృందంలో ముందే ఉండి ఉంటే, ఎందరో యువకులు గుమ్మంలోనే ఆగిపోయేవారని మా విశ్వాసం.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి ఉన్నది. తరగతి బృందాలు, సాహిత్య సంఘం, క్రీడా సంఘం పేరున నడిచే బృందాలలో కోచింగు సంస్థల కోడులు, పుస్తకాల కోడులు వస్తూనే ఉంటాయి. వాటిని పూర్తిగా నిషేధించమని మేము కోరము. తగ్గింపు ధరకు పుస్తకం దొరికితే పేద విద్యార్థికి అది మేలే. కాని లాభం పొందేవారు ఆ సంగతి వెల్లడించవలెనన్న నియమాన్ని విద్యాసంవత్సరం మొదటి సమావేశంలోనే ఉర్దూలోనూ తెలుగులోనూ చదివి వినిపించాలి. సంఘం పేరు మీద వచ్చే కమీషను ఏదైనా ఉంటే అది వ్యక్తికి కాక సంఘ నిధికి చేరాలి, లెక్కలో వ్రాయాలి. బెట్టింగు కోడులను తీసివేసే అధికారం ప్రతి బృంద నిర్వాహకునికీ ఉండాలి. వీటికి ఖర్చు లేదు. కొంచెం శ్రద్ధ చాలు.

విద్యార్థి మిత్రులారా! అభిమానం గొప్ప సంపద. ఒక కవిని, ఒక గాయకుని, ఒక ఆటగానిని నిష్కపటంగా ప్రేమించగలిగిన వయస్సు మనది. ఆ ప్రేమ చుట్టూ చేరినవారు మనకు ఖాతాదారులు కారు, స్నేహితులు. వారికి ఏదైనా చూపించి “ఇది బాగున్నది” అన్నప్పుడు, అందులో మనకు ముట్టేది ఉంటే అది కూడా చెప్పుదాము. చెప్పినందువల్ల కమీషను కొంత తగ్గవచ్చు. మన మాటకు విలువ మాత్రం తగ్గదు.