గాలం కొసన ఒక వారం

దసరాకు ముందు గని కార్మికుల చేతికి లాభాల వాటా అందే రోజులలో మా కాసిపేటలో నన్ను అడిగే ప్రశ్నలు మారిపోతాయి. తక్కిన సంవత్సరమంతా వుజూ, తలాఖ్, వారసత్వం. ఆ రెండు వారాలు మాత్రం బండి, బంగారం, ప్లాటు. (జకాత్ గురించి అడిగేవారు తక్కువ. ఆ మాట మరో నెల చెప్పుకుందాం.) ఈసారి జుమా నమాజ్ అనంతరం ఒక యువకుడు నన్ను ఆపి అడిగిన ప్రశ్న మాత్రం నేనెన్నడూ విననిది.

"మౌలానా, చేపను పట్టి, తూచి, ఫోటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తే గునహా అవుతుందా?"

అతడు గనిలో పని చేస్తాడు. అతని అక్కను ఇంగ్లండులో ఉద్యోగం చేసే అబ్బాయికి ఇచ్చారు. ఆ దూలాభాయి నెల రోజుల సెలవుపై వచ్చి ఉన్నారు. అక్కడ ఆయనకు ఒక అలవాటు పడిందట. ఏటా ఒక వారం ఏదో ఒక సరస్సు ఒడ్డున కట్టిన కొయ్య ఇంటిని అద్దెకు తీసుకుంటారు. లోపల మెత్తని పరుపులు, వేడినీళ్ళు, వంటగది, అన్నీ ఉంటాయి. గుమ్మం ముందే నీళ్ళు, నీళ్ళలో గాలాలు. చేప ఎర ముట్టగానే మోగే చిన్న యంత్రం ఒకటి గాలపు కర్రకు బిగించి ఉంటుంది. అది మోగితే అర్ధరాత్రి అయినా లేచి పరుగెత్తుతారు. పట్టిన చేపను తడిపిన మెత్తని పరుపుపై పడుకోబెట్టి, నోటి గాయానికి మందు పూసి, తూచి, ఎత్తి పట్టుకుని ఫోటో దిగి, తిరిగి నీళ్ళలో విడిచిపెడతారు. తినరు. ఇంగ్లండులో వేలాది మందికి ఇది ఇష్టమైన కాలక్షేపం. ఆ చేపలు ఇంగ్లీషులో కార్ప్ అనే కుటుంబానికి చెందినవి. మన బొచ్చె, రవ్వ, బంగారుతీగ కూడా ఆ కుటుంబమే.

అదే ముచ్చట ఇక్కడ కూడా తీర్చుకోవాలని దూలాభాయి కోరిక. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువును పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన చెరువు అది. నీటి మధ్య ద్వీపాలు, వాటికి వేలాడే వంతెన, ద్వీపంలో కాటేజీలు ఉన్నాయి. అక్కడ ఏడు రోజులు, రెండు కుటుంబాలు. ఖర్చులో సగం ఈ యువకునిది. లాభాల వాటాలో కొంత, చాలకపోతే చిట్టీ ఎత్తి మిగతాది.

ముందుగా అతడు అడగని ప్రశ్నకు జవాబు చెప్పాను. విహారానికి వెళ్ళడం తప్పు కాదు. మూడు షిఫ్టులలో నేల కింద పని చేసే మనిషి వారం రోజులు ఆకాశం కింద కూర్చోవాలనుకుంటే అందులో ఆక్షేపించడానికి ఏముంది? ప్రవక్త మహనీయులు (సల్లల్లాహు అలైహి వ సల్లం) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)తో పరుగు పందెం వేసిన సంగతి అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఇంట్లో భార్యాపిల్లల మధ్య మసలుతుంటే మస్జిదులోని భక్తి తీవ్రత నిలవడం లేదని బాధపడిన హజ్రత్ హంజలా (రజి)కు, దానికొక వేళ దీనికొక వేళ ఉంటుందని ఆయన నచ్చజెప్పినట్లు సహీహ్ ముస్లింలో చదువుతాము. మన ధర్మం మనిషి నవ్వును నిషేధించలేదు.

ఇక చేప విషయం. సముద్రపు వేటను, అందులోని ఆహారాన్ని మీకు, మీ ప్రయాణికులకు ఉపయోగకరంగా ధర్మసమ్మతం చేశామని దివ్య ఖుర్‌ఆన్ (5:96) తెలియజేస్తోంది. చేపను జబహ్ చేయవలసిన అవసరం కూడా లేదు. ఇంతటి వెసులుబాటు మరే వేటకూ లేదు. అయితే ఈ అనుమతి దేనికోసం ఇవ్వబడింది? ఆహారం కోసం. హనఫీ ఫుఖహాలలో ఇబ్నె నుజైమ్ తన 'అల్ అష్బాహ్ వన్నజాయిర్' గ్రంథంలో వేట ధర్మసమ్మతమేనని చెబుతూ, కేవలం వినోదం కోసం చేసే వేటను అందులోనుంచి మినహాయించారు. కోడిని కట్టివేసి దానిపై బాణాలు వేస్తూ ఆడుకుంటున్న కుర్రవాళ్ళను హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) గట్టిగా మందలించారు. ప్రాణమున్న దానిని గురిపెట్టే వస్తువుగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని వారికి గుర్తు చేశారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

"కానీ చంపడం లేదు కదా, మౌలానా? మందు కూడా పూస్తారు," అన్నాడు.

మందు పూయవలసిన గాయం ఎవరు చేశారు, బేటా? తినడానికి పట్టేటప్పుడు చేపకు కలిగే బాధకు ఒక అవసరం ఉంది. ఫోటో కోసం పెదవిలో ముల్లు గుచ్చి, బయటికి లాగి, ఊపిరాడకుండా తూకం వేసి, తిరిగి వదిలితే, రేపు మరొకడు అదే పెదవిలో అదే ముల్లు గుచ్చుతాడు. చంపకపోవడం దయే కావచ్చు గాని, ముల్లు గుచ్చకపోవడం అంతకంటే దయ. చిన్నదనో, గుడ్లతో ఉందనో, అక్కరకు మించిందనో వదిలిపెడితే అది మంచి పని. వదిలిపెట్టడానికే పట్టడం వేరు. సమకాలీన ఉలమాలలో దీనిని అనుమతించినవారు లేకపోలేదు. నా మనస్సు మాత్రం మొదటి అభిప్రాయం వైపే మొగ్గుతుంది. ఆ మాటే అతనికి చెప్పాను. ఎరగా బతికి ఉన్న వానపామును గుచ్చడం కూడా బాగుండదు. గోధుమపిండి ముద్ద చాలు. చిన్నప్పుడు ప్లేడే రోజున మా అబ్బాజాన్ చెరువుకు తీసుకుపోయేది వెదురు కర్ర, పిండి ముద్ద, ఒక సంచి. సంచి ఖాళీగా వస్తే ఆ రాత్రి పప్పు. నిండి వస్తే పొరుగింటికి కూడా వెళ్ళేది.

(చెరువులో కరెంటు తీగలు వేసి, పేలుడు మందు పెట్టి చేపలు పట్టేవారి గురించి ఇక్కడే ఒక మాట. 1897 నాటి మత్స్య చట్టం కాలం నుండే పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం మన దేశంలో నేరం. పిల్లల దాకా, గుడ్ల దాకా సమస్తం నశిస్తుంది. దానిని వేట అనరు.)

నాకు అంతకంటే పెద్దదిగా తోచిన ప్రశ్న మరొకటి ఉంది. అది అతనికి తట్టలేదు. ఆ చేప ఎవరిది?

మన తెలంగాణ చెరువులలో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. వారు పిల్లలను వదులుతారు, కాపలా కాస్తారు, నెలల తరబడి ఎదురు చూస్తారు. 2016 నుండి ప్రభుత్వం కూడా ఉచితంగా చేప పిల్లలను ఇస్తూ వచ్చింది. గంగపుత్రులు, ముదిరాజుల ఇళ్ళలో పిల్లల బడి ఫీజులు ఆ నీళ్ళలోనే ఉన్నాయి. ప్రవహించే నదిలోని చేప ఎవరి సొత్తూ కాదు, పట్టినవానిదే. కాని చేపల కోసమే సిద్ధం చేసి, పిల్లలను వదిలి పెంచిన నీటిలోని చేపకు యజమాని ఉన్నాడని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. అడగకుండా పడితే అది వేట కాదు, పరుల సొమ్ము. తిరిగి వదిలినా అడగవలసిందే.

"మీ దూలాభాయి ఇంగ్లండులో గాలం వేయడానికి లైసెన్సు తీసుకుంటారా?" అని అడిగాను. తీసుకుంటారట. లేకపోతే జరిమానా. మార్చి మధ్య నుండి జూన్ మధ్య దాకా నదులలో ఆ చేపలకు గాలం వేయకూడదనే నియమం కూడా పాటిస్తారట. తెల్లవారి చట్టానికి అంత విలువ ఇచ్చే మనిషి, మన ఊరి బెస్తవాని హక్కు దగ్గరికి వచ్చేసరికి అడగాలని కూడా అనుకోకపోవడం నాకు నచ్చలేదు. లక్నవరంలో గాలం వేయనిస్తారో లేదో ఇద్దరిలో ఒక్కరూ విచారించలేదు! అనుమతి దొరికితే డబ్బు ఎలా కట్టాలో కూడా చెప్పాను. నీటిలో ఉన్న చేపను కొనడం చెల్లదు, ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు గనుక. పట్టిన తరువాత తూచి, ఆ తూకానికి ధర కట్టాలి.

నమాజు సంగతి క్లుప్తంగా. కాసిపేట నుండి లక్నవరం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ప్రయాణ దూరమైన సుమారు 78 కిలోమీటర్లకు మించే ఉంది. ఉండదలచినది 15 రోజులకు తక్కువ. కనుక జుహర్, అసర్, ఇషా ఫర్జ్ రెండేసి రకాతులు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగు. కాని చేపలు చురుకుగా ఎర ముట్టే వేళలు తెల్లవారుజాము, సంధ్యాసమయం అని చేపలు పట్టేవారందరికీ తెలుసు. అవి సరిగ్గా ఫజర్, మగ్రిబ్ వేళలు. వేట వెంటపడినవాడు ఏమరుపాటుకు లోనవుతాడని అబూ దావూద్, తిర్మిజీలలో ఒక హదీసు ఉంది. ఎక్కడో ఎడారి వేటగాళ్ళకు చెప్పిన మాటగా దానిని ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు బోధించాను. యంత్రం మోగగానే అర్ధరాత్రి లేచి పరుగెత్తే మనిషి గురించి విన్న తరువాత ఈ సంవత్సరం పాఠం కొంచెం వేరుగా చెప్పాను.

ఇంతవరకు అయితే ఇది ఒక మస్‌అలా మాత్రమే. కాలమ్‌గా రాసేవాడిని కాదు.

రెండు రోజుల తరువాత అతని భార్య మా ఇంటికి వచ్చి మా ఇంటివారితో మాట్లాడి వెళ్ళింది. ఆమె నాకు చేర్చమన్న మాటను ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను.

"ఆపా, మౌలానా చేపకు నొప్పి కలుగుతుందని చెప్పారట. నా సంగతి కూడా ఒకటి అడగండి. ఏడు రోజులు ఆయన నీళ్ళవైపు చూస్తూ కూర్చుంటారు. నేను ముగ్గురు పిల్లలు నీళ్ళవైపు పోకుండా చూస్తూ కూర్చుంటాను. కాటేజీలో వంటగది ఉందట. అంటే నాకు అది కూడా ఇల్లే. నైట్ షిఫ్టు చేసి వచ్చిన రోజుల్లో పగలంతా పిల్లల నోరు మూయించి ఆయన్ని నిద్రపోనిస్తాను. ఏడాదికి ఒకసారి దొరికే సెలవు కూడా మాకు కాదా? వద్దంటే దూలాభాయి ముందు ఆయన పరువు పోతుందట."

ఆ రాత్రి నేను చాలాసేపు మేల్కొనే ఉన్నాను. చేప పెదవి గురించి అంతసేపు మాట్లాడిన నేను, ఇంట్లోవాళ్ళ గురించి ఒక్క మాటైనా అతడిని అడగలేదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన ధర్మసోదరుడైన హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళి, మొట్టమొదట గమనించినది ఆ ఇంటి ఇల్లాలి మాసిన దుస్తులను. తరువాతే ఆయన ఉపవాసాల గురించి, రాత్రి నమాజుల గురించి మాట్లాడారు. నీ ప్రభువుకు, నీ శరీరానికి, నీ ఇంటివారికి నీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి ఇవ్వమన్నారు. సల్మాన్ నిజం పలికాడని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. బుఖారీలోని ఈ హదీసును నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది నఫిల్ ఆరాధనల విషయంలోనే అంత ఖచ్చితమైతే, గాలం విషయంలో ఎంత?

మరుసటి రోజు అతనిని పిలిపించి నా జవాబులో ఒక భాగం మిగిలిపోయిందని చెప్పాను. చిట్టీ ఎత్తవద్దన్నాను. విలాసం కోసం నెత్తికెత్తుకున్న అప్పు ఆ కొయ్య ఇల్లు విడిచిన తరువాత కూడా నెలనెలా వెంట వస్తుంది. దూలాభాయిని గౌరవించడం మంచిదే. బావమరిది ఇంట్లో అందరి ముందు ఆయన గొప్పతనం నిలబెట్టడానికి మీ ఇంటామె సెలవును ఖర్చు పెట్టే హక్కు నీకు లేదన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. అతడు తల వంచుకుని విని, సలాం చెప్పి వెళ్ళిపోయాడు. తరువాత రెండు జుమాలకు నా ఎదుటికి రాలేదు.

వెళ్ళి వచ్చారని మా ఇంటివారి ద్వారానే తెలిసింది. ఏడు రోజులు మూడయ్యాయి. భోజనం బయటే. లక్నవరంలో గాలం తీయలేదు. వేలాడే వంతెనపై పిల్లలు అటూ ఇటూ పరుగెత్తుతుంటే దూలాభాయి మొదటి రోజు ముభావంగా ఉన్నారట. తిరుగు ప్రయాణంలో ఒక ఊరి చెరువు దగ్గర ఆగి, మత్స్య సంఘం పెద్దను అడిగి, పడినదానికి కిలో లెక్కన కట్టే షరతుపై ఒక్క ఉదయం గట్టున కూర్చున్నారు. ఫజర్ తరువాతే. అలవాటైన చేతికే ఒక బంగారుతీగ పడింది. ఆ చేప మన నేలదని అనుకుంటాము గాని, 1939లో సింహళం నుండి నీలగిరులకు, మళ్ళీ 1957లో బ్యాంకాక్ నుండి తెచ్చిన పరదేశీ చేప అది. ఆయన ఇంగ్లండులో పట్టేది కూడా ఈ జాతినే. తూచి, ఫోటో దిగి, అలవాటు చొప్పున నీళ్ళవైపు వంగితే మేనల్లుడు చేయి పట్టుకున్నాడట: "ఫూఫా, డబ్బులు ఇచ్చాం కదా!"

ఇన్నేళ్ళుగా చేపలు పట్టే ఆ పెద్దమనిషికి పొలుసు ఎలా తీయాలో తెలియదని ఆ రోజు బయటపడింది. బావమరిది నేర్పాడు. ఆ సాయంత్రం పులుసు ఎవరు వండారని మా ఇంటివారు అడిగితే ఆమె నవ్విందట గాని, పేరు చెప్పలేదు. ఒక గిన్నె మాత్రం మా ఇంటికి వచ్చింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది.