మిద్దె మీద పళ్ళెం, కుందూ ఒడ్డున ఎర్ర లైటు

ఈ మధ్య మన ఐటీ జనాల్లో ఒక నమ్మకం బాగా పాకింది. శాటిలైట్ ఇంటర్నెట్ ఒక్కటి వచ్చేస్తే చాలు, ఊళ్ళో మిద్దె మీద చిన్న పళ్ళెం పెట్టుకుని, వేపచెట్టు కింద మంచమేసుకుని, ప్రొడక్షన్ సపోర్ట్ దర్జాగా చేసుకోవచ్చట. క్యాంటీన్లో నలుగురు కూర్చుంటే ముగ్గురిదీ ఇదే కల. ఆ నాలుగోవాడిని నేను. నా పేచీ టెక్నాలజీతో కాదు, అది నిజంగా అద్భుతమే. మా పెద్దముడియం లాంటి ఊరికి అదే మందు అనేదానితోనే నాకు పేచీ.

తెలియనివాళ్ళకి మా మండలం గురించి రెండు ముక్కలు. కడప జిల్లా, జమ్మలమడుగు నియోజకవర్గం. పక్కనే కుందూ, నల్లరేగడి నేల, శీతాకాలం వస్తే చూపు ఆనినంత మేర బుడ్డశనగ. వేంగీ చాళుక్యుల శాసనాల్లోని కథ ప్రకారం వాళ్ళ మూలపురుషుడు విష్ణువర్ధనుడు పుట్టిన ముడివేము అగ్రహారం ఇదేనంటారు. అంటే చరిత్ర పుస్తకాల్లో మా ఊరుంది, కవరేజీ మ్యాపుల్లోనే కాస్త అనుమానం. ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఇక్కడ అడ్డం వచ్చే కొండా లేదు, దట్టమైన అడవీ లేదు. ప్రతి వీధిలో కరెంటు స్తంభం ఉంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

2025 వేసవిలో మా నాయనకి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఇంటి దగ్గర నుంచి పని చేసుకుంటానని మేనేజర్ని అడిగా. ఆయన మంచాయనే, ఒకటే షరతు పెట్టాడు: "కాల్ మధ్యలో మాయమవకూడదు." నెల తిరక్కుండానే మాయమయ్యా. గాలివానకి ఎక్కడో వైరు తెగింది, రూటర్లో ఎర్ర లైటు. కంపెనీ పేరు ఎందుకులెండి, ఏ పేరు చెప్పినా "మాదీ అంతే" అనేవాళ్ళు పదిమంది ఉంటారు. కస్టమర్ కేర్ అమ్మాయి రోజూ ఒకే మాట: "సార్, రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తారా?" అమ్మా, వైరు తెగి రోడ్డు మీద పడుంది, దాని మీదుగా ట్రాక్టర్లు పోతున్నాయి, నేను ఆఫ్ చేస్తే అది అతుక్కుంటుందా! అయినా ఆమె స్క్రిప్టులో అది దాటితే కానీ రెండో ప్రశ్న రాదు. లైను చూసే పిల్లోడు మాత్రం ఫోను ఎత్తేవాడు పాపం. "అన్నా, జాయింటేసే మిషను పొద్దుటూర్లో ఉండాది, అది వస్తానే మొదట మీదే ఏస్తా." అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను ఫోను హాట్‌స్పాట్ పట్టుకుని మిద్దె మీద ఎండలో సిగ్నల్ వెతుక్కున్నా. నాయన కింద మంచం మీద, నేను పైన. ఇంటికొచ్చి సాధించింది ఇదన్నమాట.

అప్పుడే అందరిలాగా నేనూ ఆకాశం వైపు చూశా. ముందు మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశా. టెక్సాస్ లో, ఊరికి దూరంగా నాలుగెకరాల జాగాలో ఇల్లు తీసుకుని, కేబుల్ కంపెనీ రానందని కొన్నేళ్ళు శాటిలైట్ నెట్ వాడాడు. "రేయ్, స్పీడ్ టెస్టు చూస్తే పాతిక చూపిస్తుంది, పేజీ తెరిస్తే పాతికేళ్ళు పడుతుంది" అన్నాడు. రెండేళ్ళ కాంట్రాక్టు, మధ్యలో మానేస్తే జరిమానా, నెల కోటా సగంలోనే అయిపోతే ఆపైన నత్తనడక. వాన పడితే ఆ నడక కూడా లేదు.

స్పీడు ఉండి కూడా పేజీ ఎందుకు రాదో మనకి తెలియనిది కాదు, ఐనా లెక్క వేసుకుంటే బావుంటుంది. అన్న వాడింది భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం. భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన రిక్వెస్టు పైకి వెళ్ళి కిందికి రావాలి, జవాబు మళ్ళీ పైకి వెళ్ళి కిందికి రావాలి. మొత్తం సుమారు 1,43,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా దాదాపు 480 మిల్లీసెకన్లు. మధ్యలో పరికరాల ఆలస్యం కలిస్తే 600 దాటుతుంది. ఇది ఏ ఇంజనీరూ ఆప్టిమైజ్ చేయగలిగింది కాదు, ఐన్‌స్టీన్ తో పెట్టుకోవాలి. ఇక టీసీపీ పలకరింపుకి ఒక రౌండు, పాతరకం టీఎల్ఎస్ కి రెండు రౌండ్లు, అసలు రిక్వెస్టుకి ఇంకో రౌండు. మొదటి బైటు కళ్ళబడేసరికి రెండున్నర సెకన్లు.

దీనికి శాటిలైట్ కంపెనీలు ఒక చిట్కా కనిపెట్టాయి. అవతలి సర్వరు ఒప్పుకోలు పంపేదాకా ఆగకుండా, మధ్యలో వాళ్ళ ప్రాక్సీయే "అందింది అందింది, ఇంకా పంపు" అని దొంగ ఒప్పుకోలు పంపేస్తుంది. మామూలు బ్రౌజింగుకి బాగానే పనిచేస్తుంది. మనం ఆఫీసు వీపీఎన్ ఆన్ చేశామా, అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. ఐపీసెక్ అయితే లోపలి టీసీపీ హెడర్లే ఆ ప్రాక్సీకి కనబడవు. చిట్కా అక్కడితో సరి. అంటే ఇంట్లో సినిమా చూసేవాడికన్నా ఆఫీసు పని చేసుకునేవాడికే ఎక్కువ దెబ్బ. ప్రకటనలో ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వేది మాత్రం ఆ రెండోవాడే. మా అన్న టెర్మినల్లో ఒక అక్షరం కొట్టి, అది కనబడేదాకా ఆగి, రెండోది కొట్టేవాడట. కోపమొచ్చి విమ్ మానేశాడు :)

"అది పాత కథ, ఇప్పుడు కింద తిరిగే ఉపగ్రహాలొచ్చాయి కదా" అంటారు. ఒప్పుకుంటా. స్టార్‌లింక్ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, వన్‌వెబ్ వి 1,200 కిలోమీటర్ల ఎత్తులో. ఆలస్యం పదుల మిల్లీసెకన్లకి దిగిపోతుంది, వీడియో కాల్ కి ఏ ఇబ్బందీ ఉండదు. వన్‌వెబ్ ఉపగ్రహాలు 72 మన శ్రీహరికోట నుంచే వెళ్ళాయి, 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో 36. సంతోషమే.

కానీ వాన ఎక్కడికీ పోలేదు. డిష్ టీవీ ఉన్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు, ఉరుముతో కూడిన వాన మొదలవగానే సీరియల్ ఆగిపోతుంది. డీటీహెచ్ వాడేది కేయూ బ్యాండు. స్టార్‌లింక్ పళ్ళెం కూడా ఇంటి వైపు వాడేది ఆ బ్యాండే. ఎన్ని తెలివితేటలు పెట్టినా గట్టి వానకి కొంత నష్టం తప్పదు. పైగా ఆ పళ్ళేనికి ఎప్పుడూ కరెంటు కావాలి. మా ఊళ్ళో వానా, కరెంటు కోతా జంటగా వస్తాయి. కోతుల సంగతి నేను వేరే చెప్పను.

ఇంతకన్నా పెద్ద చిక్కు జనాభా. ఒక ఉపగ్రహం ఒక జాగా మీద ఇవ్వగలిగిన బ్యాండ్‌విడ్త్ కి లెక్క ఉంది, దాన్నే అందరూ పంచుకోవాలి. టెక్సాస్ లో మైలుకొక ఇల్లుంటే అది సరిపోతుంది. మా దగ్గర గోడకి గోడ ఆనుకుని ఉంటాయి ఇళ్ళు. 2025 జూలైలో కేంద్ర టెలికాం సహాయమంత్రి, మన గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారు ఒక మాటన్నారు: స్టార్‌లింక్ కి దేశం మొత్తం మీద 20 లక్షల కనెక్షన్లే సాధ్యమని. దేశంలో గ్రామ పంచాయతీలు సుమారు రెండున్నర లక్షలు. పట్నం వాళ్ళు ఒక్కటి కూడా తీసుకోలేదనుకున్నా పంచాయతీకి వచ్చేది ఎనిమిది! ఆ ఎనిమిది ఎవరింటి మీద ఉంటాయో పల్లెలో పుట్టినవాడెవడైనా చెప్పగలడు.

ధర సంగతి ఇంకా విచిత్రం. 2021లో లైసెన్సు రాకముందే మన దేశంలో ముందస్తు బుకింగులు తీసుకున్నారు, 99 డాలర్ల డిపాజిట్టుతో. ఆ నవంబరులో టెలికాం శాఖ వద్దంది, 2022 జనవరిలో డబ్బులు వెనక్కి ఇస్తామన్నారు. లైసెన్సు 2025 జూన్ లో వచ్చింది. ఆ డిసెంబరులో వెబ్‌సైట్లో నెలకి 8,600, సామాను ఖరీదు 34,000 అని కనబడి గోల గోల అయితే, అవి అసలు ధరలు కావు, పొరపాటున కనబడ్డాయని కంపెనీ చెప్పింది. సరే, మంత్రిగారు అంచనాగా అన్న నెలకి మూడు వేలే అనుకుందాం. నా జీతానికి అది లెక్క కాదు. కానీ నా ఒక్కడి సంగతి కాదు కదా. పక్కింట్లో డీఎస్సీకి చదివే అమ్మాయి ఉంది, ఈ-క్రాప్ నమోదు అయిందో లేదో చూసుకోవాల్సిన రైతు ఉన్నాడు, ఎంసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టుకోవడానికి జమ్మలమడుగు నెట్ సెంటరుకి బస్సెక్కే పిల్లోడున్నాడు (దాని పేరిప్పుడు ఈఏపీసెట్, మా ఊళ్ళో ఎవరూ అలా అనరు). మూడు వేలు పెట్టి నేనొక్కడినీ ఆకాశానికి తగులుకుంటే వీళ్ళ వైరు గురించి గొడవపడేవాడు ఊళ్ళో ఒకడు తగ్గుతాడు. నా అసలు భయం ఇదే. ప్రైవేటు బడులొచ్చాక ఊరి బడి గురించి అడిగే గొంతులు ఎలా తగ్గాయో చూశాం కదా.

శాటిలైట్ ఎవరికీ వద్దు అనడం లేదు నేను. పాడేరు, రంపచోడవరం కొండల్లో స్తంభం కూడా వేయలేని తండాలు, గూడేలు ఉన్నాయి, వాళ్ళకి అదే దారి. మన ఇస్రో జీశాట్-11, జీశాట్-29 ఉపగ్రహాల మీద 2022 సెప్టెంబరులో హ్యూస్ వాళ్ళు హైస్పీడు సేవ మొదలుపెట్టారు, సైన్యానికీ, మారుమూల జాగాలకీ అలాంటివి కావాలి. కుందూ పొంగి దారులు మునిగినప్పుడు మండలాఫీసులో అలాంటిది ఒకటుంటే మాకూ పనికొస్తుంది. కానీ వీధి వీధికీ స్తంభమున్న చదును నేలకి?

ఆ స్తంభాల మీదే కదా ఏపీ ఫైబర్‌నెట్ నడిచింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీద ఫైబరు లాగి, నెలకి రూ.149కే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేత వెలగపూడిలో మొదలుపెట్టించారు. తవ్వకపోవడం వల్ల చవకగా, తొందరగా అయింది. ఐడియా మంచిదే, ఇప్పటికీ అంటాను. అయితే నేల మీద లాగిన వైరు తెగినంత సులువుగా అతుక్కోదు, దానికి మనుషులు కావాలి. ఏ పార్టీ వచ్చినా ప్రారంభోత్సవానికి డబ్బులుంటాయి, జాయింటేసే మిషనుకి ఉండవు. గవర్నమెంటు అయినా, ప్రైవేటు అయినా నేను చూసినంతలో ఇదే వరస. మండలానికొక స్ప్లైసింగ్ మిషను, దాన్ని వాడడం తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళకి నెల నెలా జీతం... నా తొమ్మిది రోజులు తొమ్మిది గంటలయ్యేవి. ఒక్క రాకెట్టూ అక్కర్లేదు.

నేను పళ్ళెం గురించి ఇంట్లో ఎత్తినప్పుడు మా అమ్మ ఒకటే అడిగింది. "యాడనో ఆకాశంలో ఉండేది చెడిపోతే ఎవుర్ని అడగల్ల నాయనా? ఈ పిల్లోడైతే అంగడి కాడ కనపడతాడు." నేను చదివిన రివ్యూలన్నింటికన్నా ఇది సూటిగా ఉంది. మా అన్న పడ్డ బాధలో సగం అదే. పళ్ళెం గాలికి రవ్వంత జరిగితే మనిషి రావడానికి మూడు వారాలు, అదీ వాడొచ్చిన రోజు వాన లేకపోతే.

సరే, అంగడి కాడ కనబడే పిల్లోడి పైవాడిని పట్టుకోవడం ఎలా? మనవాళ్ళు ట్విట్టర్లో తిట్టి ఊరుకుంటారు. దానికన్నా పనికొచ్చేవి ఉన్నాయి. ట్రాయ్ 2024 ఆగస్టులో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం వైరు కనెక్షన్లో లోపం మూడు రోజుల్లోగా బాగుచేయకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. అడిగినవాళ్ళని నేను చూడలేదు. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు తీసుకోవాలి, తేలకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అథారిటీకి రాయాలి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. ఇదివరకు టెలిగ్రాఫ్ చట్టం చూపించి "మీ కేసు ఇక్కడ చెల్లదు" అనేవాళ్ళు, 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు పట్టుకుని. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే సుప్రీంకోర్టు, టెలికాం వినియోగదారులు కమిషన్ కి వెళ్ళొచ్చని తేల్చేసింది. 2019 చట్టం వల్ల మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, అంటే మాకు కడపలోనే. మనలాంటి చిన్న బిల్లులకి ఫీజు కూడా లేదు.

నేను డాకెట్ నంబర్లు ఆరు, ఎర్ర లైటు ఫోటోలు తొమ్మిది (తేదీలతో సహా), బిల్లు కాపీ జతచేసి అప్పీలు రాశా. రెండు వారాలకి పదిహేను రోజుల అద్దె తగ్గించి బిల్లు పంపారు. లైను పిల్లోడికి చూపిస్తే తెల్లబోయాడు. "అన్నా, ఇట్లా ఇస్తారా? మా ఇంటికీ అదే నెట్టు, మాకూ రాసియ్యి." వాళ్ళ వీధిలో పదకొండు ఇళ్ళున్నాయి, అందరికీ రాసిచ్చా. మూడు ఇళ్ళకి తగ్గింపు వచ్చింది, మిగతా ఎనిమిదింటి గురించి ఇంకా రాస్తున్నా.