బెళ్ళందూరు చెరువులో దిగిన విమానాలూ, మన మతిమరుపూ

బెళ్ళందూరు అనగానే మనవాళ్ళకి ఏం గుర్తొస్తుంది? ట్రాఫిక్కు, నురగ, ఇంటి అద్దెలు. ఇంకేమైనా ఉందా అని అడిగి చూడండి, నూటికి తొంభై మంది తెల్లమొహం వేస్తారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి వచ్చి ఆ చెరువు చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే మావాళ్ళైతే మరీను. శుక్రవారం సాయంత్రం మదనపల్లె బస్సు దొరుకుతుందా, సోమవారం పొద్దున కుప్పం నుంచి వచ్చే రైల్లో కూర్చోవడానికి చోటుంటుందా, ఇదే వాళ్ళ ధ్యాస. తప్పేం కాదులెండి, అందరి బతుకూ అంతే.

కానీ అదే చెరువులో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు దిగేవి. అవును, నీళ్ళ మీదే!

వాటి పేరు కెటాలినా. ఫ్లయింగ్ బోట్, అంటే ఎగిరే పడవ. కింద పొట్ట అచ్చం పడవలా ఉంటుంది. మొదటి రకాలకి నేల మీద దిగడానికి చక్రాలే లేవు, ఒడ్డుకి లాగాలంటే బయటినుంచి చక్రాల బండి తగిలించాల్సిందే. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి 1940 డిసెంబర్లో పెట్టిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని (అదే మన హాల్) 1943లో అమెరికా వాయుసేన తన మరమ్మతుల డిపోగా తీసుకుంది. ఓవర్‌హాల్‌కి వచ్చే విమానాల్లో కెటాలినాలూ ఉండేవి. చక్రాల్లేని విమానానికి రన్‌వే ఎందుకు? పక్కనే పెద్ద చెరువుంది కదా, అక్కడ దించి ఒడ్డుకి లాగేవాళ్ళు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ సంగతి లంచ్ టేబుల్ దగ్గర చెబితే ఒక సహోద్యోగి అన్న మాట ఇది: "ఏమప్పా, నీకు పనీపాటా లేదా? పాత ఇనప సామాను కథలు మనకెందుకు?" చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా కోపం ఆ నవ్వు మీద. పాత విమానాల వెంట కెమెరాలేసుకుని తిరిగేవాళ్ళు, తుప్పు గోకి రంగులేసేవాళ్ళు పిచ్చోళ్ళని మనం ఎంత తేలిగ్గా తేల్చేస్తామో!

ఆ "ఇనప సామాను" ఏం చేసిందో కాస్త చూద్దాం. 1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుంచి లియోనార్డ్ బర్చల్ అనే కెనడా పైలట్ కెటాలినాలో గస్తీకి వెళ్ళి, కొలంబో వైపు వస్తున్న జపాన్ నౌకాదళాన్ని కనిపెట్టాడు. రేడియోలో ఆ కబురు పంపుతుండగానే విమానాన్ని కూల్చేశారు, ఆయన యుద్ధ ఖైదీ అయ్యాడు. మర్నాడే కొలంబో మీద దాడి. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, అదే దండయాత్రలో బంగాళాఖాతంలోకి వచ్చిన ఇంకో జపాన్ దళం విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఆ రోజుల్లో ఆ దళం ముంచిన వర్తక నౌకలు ఇరవై పైనే. ఆ ఏడాదే మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువు కెటాలినాల స్థావరమైంది, అక్కడినుంచే అవి సముద్రం మీద గంటల తరబడి గస్తీ తిరిగేవి. అంటే మన తీరానికి కాపలా కాసిన విమానాలివి. "తెల్లోడి యుద్ధం, మనకేంటి సంబంధం" అనేవాళ్ళు ఒకసారి విశాఖ, కాకినాడ పేర్లు గట్టిగా పలికి చూడండి.

బయటి దేశాల్లో ఇలాంటివాటిని ఎలా చూసుకుంటున్నారు? ఇంగ్లండులోని డక్స్‌ఫర్డ్‌లో ఇప్పటికీ ఎగిరే కెటాలినా ఒకటుంది, పేరు 'మిస్ పికప్'. 2019 అక్టోబర్లో స్కాట్లండులోని లాక్‌నెస్ సరస్సులో దాని ఇంజన్ చెడిపోయి నీళ్ళలోనే నిలిచిపోయింది. అప్పుడు జనం తలా కొంత చందా వేసుకున్నారు, వేరే ఇంజన్ బిగించారు, కొన్ని వారాల్లో అది మళ్ళీ ఎగిరి ఇంటికెళ్ళింది. కెనడాలో మార్టిన్ మార్స్ అనే, దాదాపు అరవై మీటర్ల రెక్కలున్న ఎగిరే పడవ, దశాబ్దాల పాటు అడవి మంటలార్పి, 2024 ఆగస్టులో ఆఖరిసారి ఎగిరి మ్యూజియం చేరింది. ఒడ్డున జనం బారులు తీరి చూశారు. ఓడిపోయిన జపాన్ సంగతి? వాళ్ళ కవానిషి ఎగిరే పడవల్లో మిగిలింది ఒకే ఒక్కటి. అమెరికావాళ్ళు పట్టుకుపోయినదాన్ని 1979లో వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడది కనోయాలో ఉంది. గెలిచినవాడూ దాచుకున్నాడు, ఓడినవాడూ దాచుకున్నాడు. మరి మనం?

మనకి చేతకాదా అంటే, అదీ కాదు. యుద్ధం అయ్యాక అమెరికా లిబరేటర్ బాంబర్లని పనికిరాకుండా చెడగొట్టి కాన్పూరులో పారేసి పోయారు. 1948లో మన హాల్ ఇంజనీర్లు ఆ చెత్తలోంచి నలభైకి పైగా విమానాలని బాగుచేసి ఎగిరేలా చేశారు. అవి 1968 దాకా మన వాయుసేనలో పనిచేశాయి. తమాషా ఏంటంటే, ఇవాళ ప్రపంచంలో మిగిలిన కొద్దిపాటి లిబరేటర్లలో కొన్ని ఆ కాన్పూరు గుట్టలోంచి లేచినవే. లండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్నది మనం ఇచ్చిందే. మన ఇంజనీర్ల పనితనం ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ కనిపిస్తుందన్నమాట.

ఇంకోవైపు ఐఎన్ఎస్ విక్రాంత్. 1971 యుద్ధంలో తూర్పు తీరాన పోరాడిన నౌక. కొన్నేళ్ళు ముంబయిలో మ్యూజియంగా ఉంచి, చివరికి 2014లో తునకలు చేశారు. ఆ లోహం కొంత మోటారు సైకిళ్ళ పెట్రోలు ట్యాంకుల్లోకి వెళ్ళింది. జనం దాన్ని దేశభక్తి అనుకుని కొన్నారు! విరాట్‌ని విశాఖ తెచ్చి మ్యూజియం చేస్తామని మన రాష్ట్రంలో ఎంత హడావుడి జరిగింది? 2020 సెప్టెంబర్లో అది అలంగ్ తుక్కు యార్డుకి చేరింది.

మంచి కూడా చెప్పాలి. విశాఖ బీచ్‌లో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి, 2017 నుంచి టీయూ-142 విమానం జనానికి తెరిచి ఉన్నాయి. ఈ టీయూ-142 ఇరవైతొమ్మిదేళ్ళు సేవ చేసింది, ఎక్కువకాలం అరక్కోణం నుంచే. చెన్నై వెళ్ళేటప్పుడు కుప్పంవాళ్ళు దాటిపోయే ఆ అరక్కోణమే. అది చేసిన పనీ కెటాలినా చేసిన పనే, సముద్రం మీద గస్తీ. సెలవు రోజు అక్కడ పిల్లల్ని చూడండి, ఒక్కొక్కరి కళ్ళు ఎంతెంత అవుతాయో. ఎవరో విదేశంలో తుక్కుగా పడున్న డకోటాని సొంత డబ్బుతో బాగుచేయించి 2018లో వాయుసేనకి ఇచ్చారు కూడా. అంటే కావాలనుకుంటే మనకీ కుదురుతుంది.

"తిండికి లేని దేశంలో ఇవెందుకు" అనేది రెండో వాదన. ఈ మాట అనేది చాలావరకు వారాంతంలో మాల్‌లో వేలు ఖర్చుపెట్టేవాళ్ళే, అది వేరే సంగతి. చెరువు గట్టు మీద ఒక బోర్డు పెట్టడానికి ఎంతవుతుంది? పాత ఆల్బమ్ స్కాన్ చేయడానికి ఎంతవుతుంది?

మూడోది భద్రత. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ నిబంధన ప్రభుత్వ విమానాశ్రయంలో అనుమతి లేకుండా ఫొటో తీయొద్దంది. దాని నీడ దశాబ్దాల పాటు అందరి బుర్రల్లో ఉండిపోయింది. 2010లో ఢిల్లీలో హోటల్ గదినుంచి విమానాలు చూసి రాసుకుంటున్న ఇద్దరు బ్రిటిష్ ఔత్సాహికుల్ని అరెస్టు చేసి, రెండు నెలలు తిప్పి, జరిమానా కట్టించుకుని వదిలారు. నాకే ఒక చోట (పేరెందుకులెండి) ప్రదర్శనకి పెట్టిన విమానం ముందు కాపలా అతను "ఫోన్‌తో తీసుకోండి సార్, కెమెరా మాత్రం వద్దు" అన్నాడు :-) ఉపగ్రహాలు పైనుంచి ఫొటోలు తీసే రోజుల్లో డెబ్భై, ఎనభై ఏళ్ళ నాటి విమానం ఫొటోతో శత్రువు ఏం చేసుకుంటాడు సామీ?

నాలుగోదానికి మాత్రం కొంచెం ఆగి జవాబు చెప్పాలి. "ఇవి చంపడానికి చేసినవి, వీటికి పూజలేంటి?" న్యాయమైన ప్రశ్నే. నేను పూజ చేయమనడం లేదు. దాచడం వేరు, దండం పెట్టడం వేరు. కాకినాడ మీద బాంబు పడిందన్న సంగతి మర్చిపోయినవాడే యుద్ధం అనగానే టీవీ ముందు ఈలలు వేస్తాడు. ఆ ఇరుకు విమానంలో కూర్చుని, ఇందులో పద్దెనిమిది, ఇరవై గంటలు ఎగిరిన కుర్రాళ్ళలో ఎంతమంది తిరిగి రాలేదో విన్నవాడు అంత తేలిగ్గా వేయడు.

మన వృత్తి భాషలోనే చెప్తాను. పాత కోడ్‌ని తిట్టడం అందరికీ వచ్చు. ఎవడు రాశాడో, ఎందుకలా రాశాడో ఒక్క కామెంటు కూడా లేకపోతే ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరైనా అంతే. చెరువంటే ఏంటో, దానికి ఏ చరిత్ర ఉందో ఎవరికీ పట్టకపోతే అది మురుగు గుంట అవుతుంది. బెళ్ళందూరు నురగకి 2015లో నిప్పంటుకుంది, 2017లో, 2018లో చెరువే తగలబడింది. దానికి కారణం మురుగునీళ్ళే గానీ మతిమరుపు కాదంటారా? నిజమే. కానీ గుర్తున్నదాన్ని అంత సులభంగా మురుగులో ముంచరు.

మా పుంగనూరు ఆవునే తీసుకోండి. ఆ జాతి అంతరించిపోతోందన్నప్పుడు మంద పెట్టి కాపాడింది పలమనేరు పరిశోధనా కేంద్రం. ఇవాళ దానితో సెల్ఫీ కోసం జనం ఎగబడుతున్నారు. పట్టించుకునే ఆ కొద్దిమందీ లేకపోతే సెల్ఫీ తీసుకోడానికి ఆవే ఉండేది కాదు.

కాబట్టి నేను అడిగేవి మూడే. ఒకటి, బెళ్ళందూరు గట్టు మీద "ఇక్కడ కెటాలినాలు దిగేవి" అని కన్నడ, తెలుగు, తమిళ, ఇంగ్లీషు భాషల్లో ఒక బోర్డు. అక్కడున్న పెద్ద పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్లో అది చిల్లర. రెండు, మీ తాతలు గానీ, వాళ్ళ అన్నదమ్ములు గానీ ఆ రోజుల్లో హాల్‌లోనో, సైన్యంలోనో, కోలారు గనుల్లోనో పనిచేసుంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె తెరవండి. ఫొటో దొరికితే స్కాన్ చేసి వెనక పేరూ, ఏడాదీ రాయండి. మూడు, పాత విమానాశ్రయం రోడ్డులో 2001 నుంచి హాల్ మ్యూజియం ఉంది. పిల్లల్ని మాల్‌కి బదులు ఒక్క ఆదివారం అక్కడికి తీసుకెళ్ళండి.

ఇవేవీ చేయలేమంటారా? సరే, కనీసం కెమెరా పట్టుకుని తుప్పు వెంట తిరిగేవాడు ఎదురైతే నవ్వకండి. మీరు అద్దె కట్టే నేల చరిత్రని జీతం లేకుండా రాస్తున్నది వాడే.