గృహవైద్యము: అరికాలి ముందుభాగపు నొప్పి

ఇంటిలో ఎవరికి తలనొప్పి వచ్చినను శొంఠిపట్టు వేయు గృహిణి, తన కాలినొప్పిని మాత్రము “అదియే సర్దుకొనును” అని త్రోసివేయుట మనమెల్లరము ఎఱిగినదే. అరికాలిలో, వ్రేళ్లకు కొంచెము వెనుకగా పుట్టు నొప్పిని గూర్చి యీ మాసమున ముచ్చటింపదలచితిమి. గులకఱాతిపై అడుగు మోపినట్లును, నిప్పు సోకినట్లును తోచుట దీని లక్షణము.

పాదమునందు 26 ఎముకలు గలవు. వానిలో వ్రేళ్ల మొదళ్లను చేరు 5 పొడవైన యెముకల కొనలపై, మడమ లేచిన ప్రతి యడుగునను, దేహభారము పడుచుండును. గట్టి గచ్చుపై వట్టికాళ్లతో గంటలకొలది నిలుచుట, ఎత్తుమడమల చెప్పులు, ఇఱుకు జోళ్లు, స్థూలకాయము — ఇవి ఆ చోటును నలిపి వాపు పుట్టించును. మూడవ నాలుగవ వ్రేళ్ల నడుమ మంటయు తిమ్మిరియు ఉన్నచో, అచ్చటి నరము నలుగుచుండవచ్చును.

విశ్రాంతియే మొదటి చికిత్స. కూరలు తరుగుట, బియ్యము ఏఱుట కూర్చుండి చేయుడు. పొయ్యియెదుట మందమైన పఱపు వేసికొనుడు. మంచుగడ్డలను గుడ్డలో చుట్టి 15 నిమిషములచొప్పున దినమునకు మూడు మాఱులు అద్దుడు. ముందుభాగము వెడల్పై, అడుగు మెత్తనై, మడమ పొట్టియైన చెప్పులు తొడుగుడు. చెప్పులో మెత్త పెట్టుకొనువారు దానిని నొప్పిచోటి క్రింద గాక, ఇంచుక వెనుకగా ఉంచవలెను. అప్పుడే ఎముకకొనలపై భారము తగ్గును. గోడకు చేతులానించి, మడమ నేల విడువకుండ ముందుకు వంగి పిక్కలను సాగదీయుటయు మేలు. కడుపుపుండు, మూత్రపిండవ్యాధి గలవారును, గర్భిణులును వైద్యుని అడుగక నొప్పిమాత్రలు మ్రింగరాదు.

మధుమేహము గలవారికి ముఖ్యముగా ఒక్క మాట. ఇటుక కాపడమును, మంచును మీరు వాడవలదు. ఆ వ్యాధిచే పాదమున స్పర్శ తగ్గియుండిన, చర్మము కాలినను తెలియదు; పుట్టిన పుండు మానక కాలికే ముప్పు తేవచ్చును. ప్రతి సాయంకాలమును అద్దము సాయమున అరికాళ్లు చూచుకొనుడు. పొక్కు గాని, పుండు గాని కనబడినచో ఆ దినముననే వైద్యుని చూడుడు.

తక్కినవారును, కాలు మోపలేకున్నను, ఎఱ్ఱని వాపుతో జ్వరము వచ్చినను ఆలసింపరాదు. రెండు వారములు గడచినను నొప్పి తగ్గకున్న వైద్యునికి చూపవలెను. కుంటుచు వడ్డించు మనలను చూచి ఎవరో అడుగుదురని వేచియుండవలదు. నోరు తెఱచి చెప్పుట మన పనియే.